ఆరు డిగ్రీలు పెంచితే ఏది ముందు ఆగింది?

తక్కువ ఉష్ణోగ్రత దగ్గర మామూలుగా పెరుగుతూ, ఆరు డిగ్రీలు పెంచగానే ఆర్‌ఎన్‌ఏ పని చెడిపోయే క్షీరద కణాల గురించి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొన్ని డిగ్రీ విద్యార్థులవి, కొన్ని రోజూ కల్చర్ గదిలో పనిచేసేవారివి. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఆర్‌ఎన్‌ఏ లేనిదే కణం బతకదు కదా. మరి ఆర్‌ఎన్‌ఏ తయారీ చెడిన కణాలను ల్యాబుల్లో ఏళ్ల తరబడి ఎలా పెంచుతున్నారు? (డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం)

ఈ కణాల్లో జన్యువు మొత్తం పోలేదు. ఆ జన్యువు నుంచి వచ్చే ప్రొటీన్‌లో సాధారణంగా ఒక్క అమైనో ఆమ్లం మారి ఉంటుంది. 33, 34 డిగ్రీల దగ్గర ఆ ప్రొటీన్ సరిగ్గానే ముడుచుకుని తన పని చేసుకుంటుంది. 39 దాటితే ఆ ముడత నిలవదు. కొన్ని ప్రొటీన్లు అక్కడే పనికిరాకుండా పోతాయి, కొన్నింటిని కణమే ముక్కలు చేసి వదిలించుకుంటుంది. అందుకే కణాలను చల్లని ఇంక్యుబేటర్‌లో పెంచుకుంటూ, ప్రయోగం రోజున మాత్రం వేడి ఇంక్యుబేటర్‌లోకి మారుస్తారు.

టీఎస్‌బీఎన్‌2 అనే సెల్ లైన్ (ఒకే మూలం నుంచి వచ్చి ల్యాబులో తరతరాలుగా పెరిగే కణాలు) దీనికి మంచి ఉదాహరణ. పేరులోని టీఎస్ అంటే ఉష్ణోగ్రతకు లొంగే (టెంపరేచర్ సెన్సిటివ్) అని. చిట్టెలుక (హ్యామ్‌స్టర్) మూత్రపిండం నుంచి వచ్చిన బీహెచ్‌కే-21 కణాల్లో దీన్ని ఏరారు. ఆర్‌సీసీ1 అనే ప్రొటీన్‌లో 421 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో 256వ స్థానంలో సెరీన్ ఉండాలి, ఈ కణాల్లో ఫినైల్‌అలనీన్ ఉంది. తేడా అంతే. 33.5 డిగ్రీల దగ్గర కణాలు హాయిగా పెరుగుతాయి. 39.5కి మారిస్తే కొద్ది గంటల్లోనే ఆర్‌సీసీ1 కనబడకుండా పోతుంది.

అన్నీ చిట్టెలుక కణాలే ఎందుకని మీకు అనిపించవచ్చు. బీహెచ్‌కే కణాలు 39.5 డిగ్రీలను ఇబ్బంది లేకుండా తట్టుకుంటాయి కాబట్టి మార్పు లేని కణాలను పోలికకు పక్కన పెట్టుకోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి మార్పులు చాలావరకు అంతర్గతాలు (రెసెసివ్). జన్యువుకు రెండో మంచి ప్రతి ఉంటే లోపం బయటపడదు. ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యువులకు కణంలో పనిచేసే ప్రతి ఒక్కటే. ఈ పద్ధతిలో దొరికిన జన్యువుల్లో టీఏఎఫ్1, హెచ్‌సీఎఫ్1, యూబీఏ1 మూడూ ఎక్స్ మీదే ఉండటం మాకు యాదృచ్ఛికంగా కనిపించదు. ఆర్‌సీసీ1 అలా కాదు, మనిషిలో అది ఒకటో క్రోమోజోమ్ మీద ఉంది. అలాంటి జన్యువుల విషయంలో, ఏళ్ల తరబడి కల్చర్‌లో పెరిగిన కణాలు కొన్నిచోట్ల రెండో ప్రతిని పోగొట్టుకోవడమో, మూసేయడమో జరిగి ఉంటుందన్నది చాలాకాలంగా ఉన్న వివరణ.

ప్రశ్న: రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ లోపం ఉందని చెప్పిన కణాలను 39 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాను. ఆర్‌ఎన్‌ఏ తీసి జెల్ మీద నడిపితే 28ఎస్, 18ఎస్ (రైబోసోమ్‌లోని పెద్ద, చిన్న ఆర్‌ఎన్‌ఏలు) బ్యాండ్లు రెండూ చక్కగా ఉన్నాయి. నాకు ఇచ్చిన కణాలు తప్పా? (పరిశోధక విద్యార్థి, హైదరాబాద్)

కణాల మీద అనుమానం పెట్టుకోకండి. మీ జెల్ చూపిస్తున్నది నిన్న, మొన్న తయారైన రైబోసోమ్‌లను. రైబోసోమ్‌లు రోజుల తరబడి నిలుస్తాయి. కణంలోని మొత్తం ఆర్‌ఎన్‌ఏలో దాదాపు 80 శాతం వాటిదే. 24 గంటలు కొత్త 28ఎస్ ఒక్కటీ తయారు కాకపోయినా ఎథిడియం బ్రోమైడ్ పాత నిల్వనే మెరిపిస్తుంది. కొత్తగా పుట్టిన ఆర్‌ఎన్‌ఏను మాత్రమే పట్టిచ్చే పద్ధతి ఉంటేనే లోపం కనబడుతుంది.

ఈ రకం లోపానికి మొదటి మంచి ఉదాహరణ టీఎస్422ఈ. న్యూయార్క్‌లో బాసిలికో బృందం 1973లో వర్ణించిన బీహెచ్‌కే కణాలు అవి. ముందుగా మామూలు కణంలో ఏం జరుగుతుందో చూడండి. 47ఎస్ అనే పొడవాటి మూల ఆర్‌ఎన్‌ఏ కొద్ది నిమిషాల్లోనే 45ఎస్‌గా కత్తిరింపు పడుతుంది. తర్వాత రెండు దారులుగా చీలుతుంది. ఒక దారిలో 18ఎస్ వస్తుంది. రెండో దారిలో 32ఎస్ వచ్చి, దాని నుంచి 28ఎస్, 5.8ఎస్ వస్తాయి. టీఎస్422ఈని 39కి మారిస్తే 45ఎస్ పుడుతుంది, 18ఎస్ తయారై కణద్రవ్యంలోకి పోతుంది, 32ఎస్ కూడా వస్తుంది. అక్కడితో దారి మూసుకుపోతుంది. 28ఎస్ రాదు, కాబట్టి 60ఎస్ ఉపభాగం కూడా రాదు. ఒక దారి తెరిచే ఉండి రెండోది మూసుకుపోవడంలోనే దీని విలువ ఉంది. వేడికి కణం మొత్తంగా నీరసపడి ఉంటే రెండూ కలిసి పడిపోయేవి.

దీన్ని చూడటానికి పల్స్-చేజ్ చేయాలి. అంటే కొద్దిసేపు రేడియోధార్మిక లేబుల్ ఇచ్చి (పల్స్), తర్వాత దాన్ని ఆపి, లేబుల్ పడిన ఆర్‌ఎన్‌ఏ ఏమవుతుందో చూడటం (చేజ్). చాలామంది ట్రిషియం యూరిడిన్‌తో మొదలుపెట్టి ఇక్కడే చిక్కుకుంటారు. క్షీరద కణంలో యూటీపీ (యూరిడిన్ నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ ముడిసరుకు) నిల్వ పెద్దది. మామూలు యూరిడిన్ ఎంత పోసినా పాత లేబుల్ గంటల తరబడి కొత్త ఆర్‌ఎన్‌ఏలోకి చేరుతూనే ఉంటుంది, చేజ్ తెగదు. ఆక్టినోమైసిన్-డి పోసి తెంచవచ్చు గానీ ఆ మందు కత్తిరింపుల వేగాన్ని కూడా మారుస్తుంది. రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ మీద మిథైల్ గుంపులు పుట్టగానే పడతాయి కాబట్టి, మిథైల్ వైపు ట్రిషియం ఉన్న మిథియోనిన్ వాడటం మేలు. దాని నిల్వ చిన్నది, చేజ్ వెంటనే తెగుతుంది.

కణాలు ప్లేట్‌లో సగం నుంచి ముప్పాతిక వరకు నిండి ఉండాలి. నిండుగా ఉన్న ప్లేట్‌లో రైబోసోమ్‌ల తయారీ ఎలాగూ తగ్గుతుంది. ఒక జత ప్లేట్లను 39కి మార్చి కనీసం కొన్ని గంటలు ఆగండి. 2, 6, 12 గంటలకు విడివిడి జతలు ఉంటే మరీ మంచిది. మిథియోనిన్ లేని మీడియంలో 15 నిమిషాలు ఉంచి, మి.లీ.కి 50 మైక్రోక్యూరీల లేబుల్‌తో 30 నిమిషాలు పల్స్ ఇవ్వండి. తర్వాత మామూలు కంటే పది రెట్లు మిథియోనిన్ ఉన్న మీడియంతో 0, 15, 30, 60, 120 నిమిషాల చేజ్ చేయండి. ఈ మీడియంలన్నీ ముందే 39కి వేడెక్కి ఉండాలి. గది ఉష్ణోగ్రతలో ఉన్న మీడియం పోశారంటే ఆ ప్లేట్‌లో ప్రయోగం మళ్లీ మొదటికొచ్చినట్టే. ఆర్‌ఎన్‌ఏను ఫార్మాల్డిహైడ్ కలిపిన 1.2 శాతం అగరోజ్ జెల్‌లో నడిపి, నైలాన్ పొర మీదికి ఎక్కించి, ట్రిషియం సంకేతాన్ని పెంచే ద్రవం చల్లి, మైనస్ 80 డిగ్రీల దగ్గర ఫిల్మ్‌కు కొన్ని రోజులు వదిలేయండి. మామూలు కణాల్లో 18ఎస్ సుమారు అరగంటకు, 28ఎస్ సుమారు గంటకు కనబడాలి. మీ ఫిల్మ్‌లో 18ఎస్ ఆ వేళకే వచ్చి, 32ఎస్ నిలబడిపోయి, 28ఎస్ రాకపోతే కణాలు సరైనవే.

రేడియోధార్మికత వాడే వీలు లేకపోతే నార్తర్న్ బ్లాట్ చేయవచ్చు. అంటే జెల్ మీది ఆర్‌ఎన్‌ఏను పొర మీదికి ఎక్కించి, దానికి జతపడే చిన్న ముక్కతో (ప్రోబ్) వెతకడం. ఒక హెచ్చరిక. ఎలుక కణాలకు తయారుచేసిన ఐటీఎస్2 (5.8ఎస్, 28ఎస్‌ల మధ్య ఉండి కత్తిరింపులో పోయే భాగం) ప్రోబ్‌ను చిట్టెలుక ఆర్‌ఎన్‌ఏ మీద వాడకండి. ఆ మధ్యంతర భాగాల వరుస జాతికీ జాతికీ వేగంగా మారిపోతుంది. ప్రోబ్ అంటుకోకపోతే 32ఎస్ లేదని తప్పుగా రాసుకుంటారు. 5.8ఎస్ మీదికి తయారుచేసిన ప్రోబ్ చాలా జాతుల్లో పనిచేస్తుంది. 47ఎస్, 45ఎస్, 32ఎస్, 12ఎస్, 5.8ఎస్ అన్నింటినీ అదే చూపిస్తుంది.

ఇంకో మాట. ముందు మైకోప్లాస్మా (కల్చర్లలో కంటికి కనబడకుండా చేరే బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. మైకోప్లాస్మా తన సొంత 23ఎస్, 16ఎస్ ఆర్‌ఎన్‌ఏలను తయారు చేసుకుంటుంది. పైగా దాని ఎంజైమ్ యూరిడిన్‌ను విరగ్గొట్టి యూరాసిల్‌గా మార్చేస్తుంది. అప్పుడు మీరు పోసిన లేబుల్ కణంలోకి చేరదు. మీరు మాత్రం ఆర్‌ఎన్‌ఏ తయారీ పడిపోయిందని అనుకుంటారు. ఏళ్ల తరబడి చేతులు మారిన పాత సెల్ లైన్లలో ఇది అరుదేమీ కాదు.

ప్రశ్న: టీఎస్‌బీఎన్‌2 కణాల్లో ఎంఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలోనే చిక్కుకుంటుందని చదివి, మెరిసే ప్రోబ్‌తో ప్రయత్నించాను. ఒకసారి మామూలు బీహెచ్‌కే కణాల్లోనూ కేంద్రకం మెరిసింది, ఇంకోసారి టీఎస్‌బీఎన్‌2లోనూ ఏమీ కనబడలేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది? (విశాఖపట్నం, ఇలాంటిదే హ్యూస్టన్ నుంచి కూడా)

మీరు చదివింది నిజమే. ఆర్‌సీసీ1 లేనప్పుడు పాలీ-ఏ తోక ఉన్న ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలో పేరుకుంటుందని 1993లోనే తేలింది. ఆర్‌సీసీ1 ర్యాన్ అనే చిన్న ప్రొటీన్‌కు జీటీపీ అనే చిన్న అణువును అందిస్తుంది. కేంద్రకంలో ర్యాన్-జీటీపీ ఎక్కువగా, బయట తక్కువగా ఉండటం వల్లే కేంద్రక ద్వారాల రాకపోకలకు దిశ ఏర్పడుతుంది. ఆర్‌సీసీ1 పోతే ఆ తేడా చెదిరిపోతుంది.

రెండుసార్లు రెండు రకాల ఫలితం వచ్చిందంటే మేం ముందు అడిగేది మీ ఇంక్యుబేటర్ గురించే. తెరమీద 39.5 అని కనిపిస్తే సరిపోదు. ఒక ప్లేట్‌లో 10 మి.లీ. మీడియం పోసి, సన్నటి థర్మోకపుల్ తీగను అందులో ముంచి, మీరు రోజూ ప్లేట్లు పెట్టే అరలోనే పెట్టి, తలుపు మూసి రాత్రంతా చూడండి. పై అరకు, కింది అరకు అర డిగ్రీ నుంచి డిగ్రీ వరకు తేడా రావడం మామూలే. 38.5 దగ్గర టీఎస్‌బీఎన్‌2లో కొంత ఆర్‌సీసీ1 మిగిలిపోతుంది, ఫలితం మసకబారుతుంది. అటు 41 దాటితే మామూలు బీహెచ్‌కే కణాలు కూడా ఉష్ణాఘాత స్థితికి వెళ్తాయి. వేడి నుంచి కాపాడే హెచ్‌ఎస్‌పీ70 ప్రొటీన్ పెరుగుతుంది, వేడి ఇంకా ఎక్కువైతే ఆర్‌ఎన్‌ఏ స్ప్లైసింగ్ (అక్కర్లేని ముక్కలు కత్తిరించి మిగతావాటిని అతకడం) కూడా దెబ్బతింటుంది. మీ మామూలు కణాల్లో కేంద్రకం మెరిసిన రోజున బహుశా ఇదే జరిగి ఉంటుంది.

ప్లేట్ వేడెక్కే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఐదు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మధ్య ప్లేటు 39.5 చేరడానికి గంట దాకా పట్టవచ్చు. ప్లేట్లను విడివిడిగా లోహపు అర మీద పెట్టి, మీడియం తీసేసి ముందే వేడిచేసిన మీడియం పోయండి. కచ్చితమైన సమయం కావాలంటే, మూత బిగించే ఫ్లాస్కుల్లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి, 0.1 డిగ్రీ తేడాలో నిలిచే వాటర్ బాత్‌లో ముంచడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. మీడియంలో హెపీస్ ఉంటే డిగ్రీకి 0.014 చొప్పున పీహెచ్ తగ్గుతుంది. ఆరు డిగ్రీలకు అది 0.08. పెద్ద తేడా కాదు, కానీ రెండు ఉష్ణోగ్రతల దగ్గరా విడిగా సరిచూసుకోవడం మంచిది.

తర్వాత సమయం. 24 గంటలు ఆగకండి. టీఎస్‌బీఎన్‌2కు ఇంకో లక్షణం ఉంది: డీఎన్‌ఏ తయారు చేసుకుంటున్న కణాలు 39.5 దగ్గర తొందరపడి క్రోమోజోమ్‌లను ముద్దగా ముడుస్తాయి. ఈ లైన్‌కు మొదట పేరు తెచ్చింది ఆ లక్షణమే, 1978లో. అలాంటి కణంలో కేంద్రకం గోడే ఉండదు. లోపల, బయట అనే మాటకే అర్థం పోతుంది. ఆ కణాలు గుండ్రంగా తయారై ఊడిపోతాయి కూడా. ఆలస్యమైన కొద్దీ ప్లేట్‌లో మిగిలే కణాలు మీకు అక్కర్లేనివే ఎక్కువగా ఉంటాయి. 3 నుంచి 6 గంటల మధ్య స్థిరపరచండి. డాపీ రంగులో క్రోమోజోమ్‌లు ముడుచుకున్నట్టు కనిపించే ప్రతి కణాన్నీ లెక్కలోంచి తీసేయండి. అదే సమయానికి పక్క ప్లేట్ నుంచి తీసిన కణాల్లో ఆర్‌సీసీ1కు వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్ ఉందో లేదో చూసే పరీక్ష) తప్పకుండా చేయండి. 45 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ ఇంకా ఉంటే ఆ రోజు చిత్రాలను పక్కన పెట్టేయాల్సిందే.

హైబ్రిడైజేషన్ విషయానికి వస్తే, కవర్‌స్లిప్‌ల మీద ముందురోజు వేసిన కణాలను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 15 నిమిషాలు, తర్వాత 0.5 శాతం ట్రైటాన్‌లో 10 నిమిషాలు ఉంచండి. 50 థైమిడిన్ల పొడవున్న, సీవై3 రంగు తగిలించిన ప్రోబ్‌ను 2 రెట్ల ఎస్ఎస్‌సీ, 10 శాతం డెక్స్‌ట్రాన్ సల్ఫేట్, 20 శాతం ఫార్మమైడ్, మి.లీ.కి 1 మి.గ్రా. బ్యాక్టీరియా టీఆర్‌ఎన్‌ఏ ఉన్న ద్రవంలో కలిపి, 37 డిగ్రీల దగ్గర తడి పెట్టెలో రాత్రంతా వదలండి. 2 రెట్ల ఎస్ఎస్‌సీతో రెండుసార్లు, 0.5 రెట్లతో ఒకసారి కడగండి. ట్రైటాన్ తక్కువైతే ప్రోబ్ కేంద్రకంలోకి పోదు. మీకు ఏమీ కనబడని రోజుకు అదీ ఒక కారణం కావచ్చు.

కంట్రోళ్లు నాలుగు ఉండాలి. మామూలు బీహెచ్‌కే రెండు ఉష్ణోగ్రతల దగ్గరా, టీఎస్‌బీఎన్‌2 రెండింటి దగ్గరా. వీటికి తోడు ఒక టీఎస్‌బీఎన్‌2 కవర్‌స్లిప్‌కు ప్రోబ్ వేయడానికి ముందు మి.లీ.కి 100 మైక్రోగ్రాముల ఆర్‌ఎన్ఏజ్-ఏ ఇచ్చి 37 దగ్గర గంట ఉంచండి. మెరుపు మాయమవ్వాలి. మాయం కాకపోతే మీరు చూస్తున్నది ఆర్‌ఎన్‌ఏ కాదు. మానవ ఆర్‌సీసీ1 జన్యువు ఎక్కించిన టీఎస్‌బీఎన్‌2 మీ దగ్గర ఉంటే అదే అన్నిటికన్నా గట్టి కంట్రోల్. ఎందుకంటే ఆ కణం నేపథ్యమంతా అదే, ఒక్క ప్రొటీనే తేడా.

ఫలితం సరిగ్గా వచ్చాక కూడా ఒక జాగ్రత్త. ఎంఆర్‌ఎన్‌ఏలో అధిక భాగాన్ని బయటికి మోసేది ఎన్ఎక్స్ఎఫ్1 అనే వాహకం. అది ర్యాన్-జీటీపీని నేరుగా పట్టుకోదు. టీఆర్‌ఎన్‌ఏ, రైబోసోమ్ ఉపభాగాలు, యూ-ఎస్‌ఎన్‌ఆర్‌ఎన్‌ఏలు మాత్రం ర్యాన్-జీటీపీతో కలిసి పనిచేసే వాహకాల మీదే వెళ్తాయి. అందువల్ల టీఎస్‌బీఎన్‌2లో ఎంఆర్‌ఎన్‌ఏ చిక్కుకోవడం చాలావరకు పరోక్ష ఫలితమై ఉండవచ్చు. లోపలికి తిరిగి రావాల్సిన ప్రొటీన్లు రాకపోవడం వల్ల కావచ్చు. "ఆర్‌సీసీ1 ఎంఆర్‌ఎన్‌ఏను ఎగుమతి చేస్తుంది" అని సిద్ధాంత గ్రంథంలో రాయకండి. ఏ సంఘటన ఎన్ని గంటలకు మొదలైందో సమయాల పట్టిక వేసి చూపించండి.

ప్రశ్న: టీఎస్ఏఎఫ్8 లోపం ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2లో ఉందంటారు. పాత పుస్తకాల్లో దాన్ని కణచక్రపు జీ1 మ్యూటెంట్ అన్నారు. ఏది సరి? (లెక్చరర్, గుంటూరు)

రెండూ సరైనవే. మొదటిది కారణం, రెండోది కనబడే లక్షణం. టీఎస్ఏఎఫ్8ని 40.6 డిగ్రీలకు మారిస్తే కణాలు జీ1 దశలో, అంటే డీఎన్‌ఏ తయారీకి ముందు దశలో, నిలిచిపోతాయి. లోపం పాలిమరేజ్-2లో ఉందని 1980లో తేల్చారు. ఎంఆర్‌ఎన్‌ఏ తయారు చేసే ఎంజైమ్ పోతే కణం ఎక్కడున్నది అక్కడే ఆగిపోవాలి కదా అనిపిస్తుంది. కానీ ఎస్ (డీఎన్‌ఏ తయారీ) దశలోకి వెళ్లిపోయిన కణం దగ్గర విభజన ముగించడానికి చాలినంత ఎంఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు అప్పటికే సమకూరి ఉంటాయి. జీ1 నుంచి ఎస్‌లోకి అడుగు వేయడానికి మాత్రం కొద్దిసేపే నిలిచే ఎంఆర్‌ఎన్‌ఏలను అప్పటికప్పుడు తయారు చేసుకోవాలి. కొరత ముందు అక్కడే కొడుతుంది.

టీఎస్13 అనే బీహెచ్‌కే లైన్ కూడా జీ1లోనే ఆగుతుంది, కానీ కథ వేరు. అందులో చెడింది టీఏఎఫ్1. పాలిమరేజ్-2ను జన్యువు మొదట్లో కూర్చోబెట్టే బృందంలో అది పెద్ద సభ్యుడు. 39.5 దగ్గర అన్ని జన్యువులూ మూగపోవు. సైక్లిన్-ఏ ప్రమోటర్ పడిపోతుంది, సీ-ఫాస్ ప్రమోటర్ పనిచేస్తూనే ఉంటుందని 1994లో చూపించారు. టీఎస్‌బీఎన్51 అనే ఇంకో జీ1 లైన్‌లో లోపం పాలిమరేజ్-3 ఉపభాగంలో తేలింది. అంటే 5ఎస్, టీఆర్‌ఎన్‌ఏల తయారీలో. పాఠం చెప్పేటప్పుడు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టండి. ఒకే చోట ఆగిన కణాల వెనక మూడు వేర్వేరు యంత్రాలు ఉండటం పిల్లలకు అలా తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రశ్న: పశువుల గాలికుంటు టీకా కూడా బీహెచ్‌కే-21 కణాల్లోనే తయారవుతుందని విన్నాం. ఈ లోపాలున్నవీ అవేనా? (పాడి రైతు, కరీంనగర్)

మూలం ఒక్కటే, లైన్లు వేరు. 1960ల మొదట్లో గ్లాస్గోలో పిల్ల చిట్టెలుకల మూత్రపిండం నుంచి బీహెచ్‌కే-21ను తీశారు. గాలికుంటు వైరస్ వాటిలో బాగా పెరుగుతుంది. హైదరాబాద్‌తో సహా చాలా చోట్ల టీకా తయారీకి వాటినే పెద్ద తొట్లలో పెంచుతారు. టీకాకు వాడేవి ఉష్ణోగ్రత లోపం లేని కణాలు. మీరు నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న: ఇలాంటి కణాలను కొత్తగా ఏరాలంటే ఏం చేయాలి? ఉన్నవాటిని పాడవకుండా ఎలా కాపాడుకోవాలి? (పరిశోధక విద్యార్థిని, తిరుపతి)

ఏరే పద్ధతి సూటిగా ఉంటుంది. పెరిగే కణాలను చంపి, ఆగిన కణాలను మిగుల్చుకోవాలి. ఈఎంఎస్ లాంటి మ్యూటజెన్‌ను సగానికి పైగా కణాలు చచ్చే మోతాదులో ఒక రాత్రి ఇచ్చి, కడిగేసి, 33.5 దగ్గర అయిదారు రోజులు పెరగనివ్వాలి. మారిన జన్యువు బయటపడాలంటే పాత మంచి ప్రొటీన్ పల్చబడాలి. తర్వాత 39.5కి మార్చి 16 నుంచి 24 గంటలు ఆగి, డీఎన్‌ఏ తయారు చేస్తున్న కణాలను చంపే మందు ఫ్లోరోడియాక్సీయూరిడిన్ పోయాలి. మరో రోజు గడిచాక మందు కడిగేసి 33.5కి తిరిగి తేవాలి. లేచిన కాలనీలను విడదీసి రెండు ఉష్ణోగ్రతల దగ్గరా పరీక్షించాలి. ఈఎంఎస్ పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లో చేయండి. మిగిలిన ద్రవాన్ని క్షారం కలిపిన 10 శాతం సోడియం థయోసల్ఫేట్‌లో రాత్రంతా ఉంచి గానీ పారబోయకండి.

ఏ మందుతో చంపామన్నదే దొరికే మ్యూటెంట్ల రకాన్ని నిర్ణయిస్తుంది. డీఎన్‌ఏ తయారీ మీద వల వేస్తే జీ1లో ఆగేవన్నీ చిక్కుతాయి, వాటిలో పాలిమరేజ్ లోపాలూ ఉంటాయి. టీఎస్ఏఎఫ్8 లాంటివి కణచక్రం పేరుతో వెలుగులోకి రావడం అందుకే వింత కాదు. నేరుగా ఆర్‌ఎన్‌ఏ లోపాలే కావాలంటే, ఎక్కువ రేడియోధార్మికత ఉన్న ట్రిషియం యూరిడిన్ ఇచ్చి, ఆర్‌ఎన్‌ఏ తయారు చేసే కణాలు తమంతట తామే చచ్చేలా చేయవచ్చు. అందులో యూరిడిన్ కైనేజ్ పోయిన కణాలు కూడా బతికి బయటపడతాయి. అవి ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా యూరిడిన్‌ను వాడుకోలేవు. కాబట్టి ప్రతి కాలనీకీ 33.5 దగ్గర యూరిడిన్ చేరుతోందో లేదో చూడాలి. ఇంకో లోటు: 39.5 దగ్గర రోజులోపే చచ్చిపోయే మ్యూటెంట్లు ఏ వలకూ చిక్కవు. మనకు దొరికినవి వేడిలో ఒక రోజు ఓపిక పట్టగలిగినవి మాత్రమే.

కాపాడుకోవడంలో అసలు శత్రువులు తిరిగి మామూలుగా మారిన కణాలు. పది లక్షల్లో ఒకటి అలా మారినా, ఎవరో తొందరలో ప్లేటును 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో వారం రోజులు మరిచిపోతే వాటికే లాభం. రెండు నెలల తర్వాత మీ చేతిలో ఉండేది మామూలు బీహెచ్‌కేనే. కణాలు అందగానే మొదటి పాసేజ్‌లోనే 10 శాతం డీఎంఎస్‌ఓతో ఇరవై వయల్స్ గడ్డకట్టించి పెట్టుకోండి. ప్రతి కొత్త వయల్ తీసినప్పుడు 39.5 దగ్గర 10 సెం.మీ. ప్లేట్లలో మొత్తం పది లక్షల కణాలు, 33.5 దగ్గర ఒక ప్లేట్‌లో 200 కణాలు వేయండి. రెండు వారాలు ఆగి క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేసి కాలనీలు లెక్కపెట్టండి. వేడి ప్లేట్లలో అన్నీ కలిపి పది కంటే ఎక్కువ కాలనీలు లేస్తే ఆ వయల్‌ను పారేసి పాత వయల్ తీయండి. 33.5 దగ్గర కణాలు నెమ్మదిగా పెరుగుతాయని విసుక్కుని సీరం పెంచితే ప్రయోజనం లేదు, వాటికి సమయమే ఇవ్వాలి.

ఇద్దరి దగ్గర రెండు లైన్లు ఉండి, లోపం ఒకే జన్యువులో ఉందా అని అనుమానం వస్తే, రెండింటినీ 50 శాతం పాలీ ఇథిలీన్ గ్లైకాల్‌తో ఒక్క నిమిషం కలిపి కణాలను జతచేయండి. జంట కణాలు 39.5 దగ్గర పెరిగితే జన్యువులు వేరు. పెరగకపోతే బహుశా ఒకటే. తిరిగి మామూలుగా మారిన కణాలు ఫలితాన్ని మోసం చేయకుండా, ఒక్కో లైన్‌ను దానితో దాన్నే కలిపిన ప్లేటు పక్కన తప్పకుండా ఉండాలి.

ప్రశ్న: క్రిస్పర్, డెగ్రాన్ పద్ధతులు వచ్చాక ఈ పాత కణాల వల్ల ఇంకా ఉపయోగం ఉందా? (బెంగళూరు)

కొత్త జన్యువు మీద పని మొదలుపెట్టేవారికి మేం డెగ్రాన్‌నే సూచిస్తాం. కోరిన ప్రొటీన్‌కు ముద్ర తగిలించి, దాన్ని కణం చేతే ముక్కలు చేయించే పద్ధతి అది. వరి నుంచి తెచ్చిన టీఐఆర్1 ప్రొటీన్, ఆక్సిన్ హార్మోన్ కలిస్తే ముద్ర వేసిన ప్రొటీన్ చాలా సందర్భాల్లో గంట అటూ ఇటూగా మాయమవుతుంది. కణం 37 దగ్గరే ఉంటుంది, వేడి వల్ల వచ్చే గందరగోళం ఉండదు. అక్కడా ఒక్కో కంట్రోల్ అవసరమే: ఆక్సిన్ ఇవ్వనిది, టీఐఆర్1 లేనిది. ఆక్సిన్ ఇవ్వకముందే ప్రొటీన్ సగానికి తగ్గిపోయిన లైన్లను చాలామంది గమనించకుండా వాడేస్తుంటారు.

అయినా పాత కణాలకు ఒక పనిలో సాటి లేదు. ఒక ప్రొటీన్ రూపం పనిచేస్తుందో లేదో కణం చావు బతుకుల మీద పరీక్షించడంలో. చైనీస్ చిట్టెలుక కణాల్లో టీఎస్‌టీఎం4 అనే లైన్ ఉంది. దాని లోపం పాలిమరేజ్-2లోని అతిపెద్ద ఉపభాగం ఆర్‌పీబీ1లో ఉంది. ఆ ఉపభాగానికి ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ తగిలించి, టీఎస్‌టీఎం4లోకి ఎక్కించి, 39 దగ్గర బతికినవాటినే ఏరారు. ఆక్స్‌ఫర్డ్‌లో కుక్ బృందం 2000లో ఇచ్చిన ఫలితం ఇది. అక్కడ బతికిన ప్రతి కణమూ మెరిసే పాలిమరేజ్‌తోనే తన ఎంఆర్‌ఎన్‌ఏ తయారు చేసుకుంటోంది, ఎందుకంటే పాతది ఆ వేడికి నిలవదు. మైక్రోస్కోప్ కింద కనబడే ఆకుపచ్చ చుక్కలు అలంకారానికి తగిలించినవా, నిజంగా పనిచేస్తున్నవా అన్న ప్రశ్నే రాదు.